తేలని కోర్సునూ రాయనివ్వండి

మాదన్నపేట కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల నెట్ సెంటర్లలో దరఖాస్తులు నింపే పిల్లలు కొందరు ఒక గడి దగ్గర ఆగిపోతారు: ఇంకేమైనా కోర్సు చదువుతున్నారా? ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని 2022 ఏప్రిల్‌లో యూజీసీ చెప్పింది కదా, కాలేజీలో బీకాంతో పాటు ఇంకో కోర్సు చేద్దామని ఉంటుంది, కానీ అది ఇంకా తేలలేదు. ‘తేలనిది రాయకు, లేనిపోని తలనొప్పి’ అంటారు చుట్టూ ఉన్నవాళ్లు. రాయాలనే అంటాను నేను. ఎందుకంటే ఆ తేలకపోవడం పిల్లల ఊగిసలాట కాదు. రెండూ రెగ్యులర్ కోర్సులైతే క్లాసుల వేళలు ఒకదానికొకటి అడ్డు రాకూడదన్నది యూజీసీ షరతే. టైంటేబుల్ చేతికొచ్చేది మాత్రం సీటు వచ్చాకే. మరి ముందే ఎలా తేలుతుంది? చేరకుండానే చేరానని రాస్తే అబద్ధం. దాచిపెట్టి తర్వాత చేరితే రేపు మార్కుల మెమోలు చూసినవాళ్లకు అనుమానం. ‘చేరాలనుకుంటున్నాను, టైంటేబుల్ వచ్చాక ఖరారవుతుంది’ అని ఒక్క వాక్యం రాస్తే నిజం నిజంగా ఉంటుంది. అమెరికా కాలేజీలు కూడా దరఖాస్తు చేసే ఏడాది స్కూల్లో చదివే కోర్సులు ముందే అడిగినా, మధ్యలో స్కూలు నుంచి మరో రిపోర్టు తెప్పించుకుంటాయి; మార్పులుంటాయని వాళ్లకు తెలుసు. కౌన్సెలర్‌ను పెట్టుకోగల ఇంట్లో ఈ వాక్యం రాసిపెట్టేవాళ్లుంటారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కే పిల్లకు ఎవరున్నారు? తేలలేదని ఒప్పుకుంటే సీటు పోతుందేమోనని భయపడి ఆమె గడి ఖాళీగా వదిలేస్తుంది. మన యూనివర్సిటీలు వచ్చే ఏడాది ఫారాల్లోనైనా ‘ఇంకా ఖరారు కాలేదు’ అనే ఆప్షన్ పెట్టాలి, ఖరారయ్యాక సరిదిద్దుకోవడానికి ఒక గడువూ ఇవ్వాలి.