జబ్బు పేరు వేరు, కారణం వేరు

స్కిజోఫ్రీనియా అన్న మాట చెవిని పడగానే గృహస్థులు రెండు విధాలుగా పొరబడుతున్నారు. కొందరు అది తీరని శాపమని కుంగిపోతారు. మరికొందరు “మన శాస్త్రంలో ఇది వాతోన్మాదమే కదా” అని, వాడుతున్న మాత్రలు మాన్పించి రోగిని ఆయుర్వేద వైద్యుల వద్దకు తీసుకువస్తారు. వ్యాధికి పేరు పెట్టడంలోని తత్త్వం తెలియకపోవడమే ఈ రెండింటికీ మూలం.

జర్మన్ వైద్యుడు క్రెపెలిన్ ‘డిమెన్షియా ప్రీకాక్స్’ అన్న పేరుతో ఈ వ్యాధిని వర్ణించి, 1899లో దానిని ఉద్రేక విషాదాలతో కూడిన మనోవ్యాధి నుండి వేరు చేశాడు. వ్యాధి నడిచే తీరు, చివరకు చేరే స్థితి ఆయనకు ఆధారాలు. ఇది అందరికీ చిన్న వయసులోనే రాదనీ, అందరి బుద్ధీ క్షీణించదనీ గమనించిన స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలర్ 1908లో స్కిజోఫ్రీనియా అన్న పేరును ప్రతిపాదించాడు. మనోవ్యాపారాల మధ్య పొందిక చెడడమే ఆయనకు ప్రధానం. ఒకరు పర్యవసానాన్ని, మరొకరు లక్షణాన్ని పట్టుకున్నారు. మూలకారణం ఇద్దరికీ చిక్కలేదు. తరువాత నిలిచిన పారనాయిడ్, కెటటోనిక్ వంటి ఉపభేదాలు ఒకే రోగిలో కాలక్రమాన మారుతుండడం వల్ల, 2013లో అమెరికా మనోవైద్యుల డి.ఎస్.ఎం.-5 గ్రంథం వాటిని తొలగించింది.

చరకుని మార్గం వేరు. మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానం, స్మృతి, భక్తి, శీలం, చేష్ట, ఆచారం – ఈ ఎనిమిదింటి విభ్రమమే ఉన్మాదమని నిర్వచించి, హేతువును బట్టి ఐదు విధాలన్నాడు. సుశ్రుతుడు మనోదుఃఖాన్ని, విషాన్ని కూడా లెక్కించి ఆరన్నాడు. అయితే దోషాన్ని కూడా మనం కంటితో చూడము. లక్షణాలను బట్టి ఊహిస్తాము. పైగా ఉన్మాదం విశాలమైన పదం. విషం వల్ల కలిగే చిత్తభ్రమ, ఆధునికులు మేనియా అనేది కూడా అందులో ఇముడుతాయి. కనుక ఒక శాస్త్రపు పేరును రెండవ దాని పేరుతో మార్చుకోవడం తగదు. రెండు గ్రామాల పొలిమేరలు ఎక్కడ కలియవో, అక్కడ ఒకే రాయి పాతలేము.

నా అభిప్రాయం ఇది. పేరు రోగి తలరాత కాదు; ఇప్పటికి తెలిసిన లక్షణాలకు కట్టిన మూట మాత్రమే. కానీ ఆ మూటను బట్టి ఇచ్చే మందులు ఎందరికో భ్రాంతులను అణచుతున్నాయి. వాటిని హఠాత్తుగా మానితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉన్నది. బ్రాహ్మీఘృతమైనా, నస్యమైనా మనోవైద్యునికి తెలిపి, వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. సర్పగంధ వంటి తీవ్ర ఔషధాలను వంటింటి చిట్కాలుగా భావించరాదు. శాస్త్రాభిమానం రోగి ప్రాణానికి ముప్పు కారాదని నా మనవి.