పులితో ఆడుకున్నవాడి మాట

నయా రాయపూర్‌లోని జంగిల్ సఫారీని చూడబోయిన వారికి అక్కడ ఒక విగ్రహం కనిపిస్తుంది. ఒక గిరిజన బాలుడు, అతని చెంత ఒక పులి. 2016 నవంబరు 1వ తేదీన ప్రారంభమైన ఈ వనం విస్తీర్ణం సుమారు 320 హెక్టార్లు. బస్సులో కూర్చుని పులులను, సింహాలను చూడాలన్న ఆత్రంలో ఉన్న జనం ఈ బాలుని వంక ఒకసారి చూసి, కిప్లింగ్ పుస్తకంలోని మౌగ్లీ కాబోలునని ముందుకు సాగిపోతారు. ఆ పొరపాటు సహజమే. కాని మౌగ్లీ ఒక ఆంగ్ల రచయిత 1894లో పుస్తకరూపంలో లోకానికి ఇచ్చిన కల్పన. ఈ బాలుడు కల్పన కాడు. ఇతనికి ఊరున్నది, ఇల్లున్నది, పెద్దలు పెట్టిన పేరున్నది. ఆ పేరు చెంద్రూ మండావీ.

బస్తర్ అడవులలో, నారాయణపూర్‌కు సమీపాన, గఢ్‌బెంగాల్ అనే మురియా గోండుల పల్లె ఉన్నది. బస్తర్ అంటే తెలుగువారికి బొత్తిగా పరాయి సీమ కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం తన మూలాన్ని చెప్పుకున్నది. అయితే 1950ల నడుమ ఆ పల్లెకు వచ్చిన అతిథి ఓరుగల్లు కంటె ఎంతో దూరం నుంచి వచ్చాడు. పేరు ఆర్నే సుక్స్‌డార్ఫ్. దేశం స్వీడన్. వృత్తి చలనచిత్ర దర్శకత్వం. స్టాక్‌హోం నగరజీవితంపై తీసిన లఘుచిత్రానికి 1949లో ఆస్కార్ బహుమతి అందుకున్నవాడు. అడవులన్నా, మృగాలన్నా ప్రాణం పెట్టేవాడు.

అడవిలో దొరికిన ఒక పులికూనను చెంద్రూ ఇంటి పెద్దలు తీసుకువచ్చారనీ, దానికి టెంబూ అని పేరు పెట్టారనీ, పిల్లవాడూ పులికూనా ఒకే ముంగిట పెరిగారనీ ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. సుక్స్‌డార్ఫ్‌కు తన కథానాయకుడు దొరికాడు. సుమారు రెండేళ్ళు బస్తర్‌లో మకాం వేసి ఆయన రంగులలో, విశాలమైన తెర కోసం ఒక చిత్రం తీశాడు. అందులో చెంద్రూ తన పేరుతోనే కనిపిస్తాడు. దానికి సంగీతం కూర్చినది మన రవిశంకర్. స్వీడిష్‌లో ఆ చిత్రం పేరుకు అర్థం ‘ఒక అడవి కథ’. ఆంగ్లంలో దానికి ‘వేణువు, బాణం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. 1957 డిసెంబరులో స్వీడన్‌లో విడుదలై, మరుసటి ఏడు కాన్ చిత్రోత్సవానికి వెళ్ళింది. దర్శకుని భార్య ఆస్ట్రిడ్ తీసిన ఛాయాచిత్రాలతో చెంద్రూ మీద ఒక పిల్లల పుస్తకం వచ్చింది. ఆంగ్లంలోకి కూడా వెళ్ళింది. చెంద్రూ స్వయంగా స్వీడన్ వెళ్ళి కొంతకాలం ఉన్నాడు. పక్క తాలూకా కూడా సరిగా చూడని పల్లెవాసి పేరు మంచు దేశంలో పిల్లల నోళ్ళలో నానింది.

తరువాత? తరువాత అతడు గఢ్‌బెంగాల్‌కే తిరిగి వచ్చాడు. దర్శకుడు తన దారిన బ్రెజిల్ అడవులకు వెళ్ళిపోయి అక్కడ కొన్ని దశాబ్దాలు గడిపాడు. చెంద్రూ పెరిగి, పెళ్ళాడి, పిల్లలను కని, లేమిలోనే ముసలివాడై, 2013 సెప్టెంబరు 18న జగదల్‌పూర్‌లో అనారోగ్యంతో కన్నుమూశాడు. మరణవార్తను ప్రకటించిన పత్రికలు కొన్ని అతని వయస్సు 78 అని రాశాయి. ఆ లెక్కే నిజమైతే, తెర మీద మనకు కనిపించే పదేళ్ళ పసివాడు అప్పటికి ఇరవై దాటిన యువకుడై ఉండాలి! కాన్ దాకా వెళ్ళినవాడి పుట్టిన సంవత్సరం ఏ కాగితం మీదా సరిగా నమోదు కాలేదన్న మాట.

‘లోకమెరిగినవాడు పేదరికంలో పోయాడు’ అన్న వాక్యంతో ఈ కథను ముగించడం పరిపాటి. నన్ను నిలిపివేసిన సంగతి మరొకటున్నది. అనువాదం నా వృత్తి. ఎక్కడ ఏ కథ విన్నా, ‘ఇది ఏ భాషలోంచి ఏ భాషలోకి వచ్చింది?’ అని అడగడం నాకు అలవాటు. చెంద్రూ కథను చిత్రంలో చెప్పినది స్వీడిష్ గొంతు. పుస్తకం రాసినది స్వీడిష్ చేయి. రెండూ అతని గురించి చెప్పినవే గాని, అతడు చెప్పినవి కావు. మరి అతని ఇంటి భాష ఏది? గోండి.

గోండి మనకు ఎంత దగ్గరో చాలామంది గమనించరు. ద్రావిడ భాషలను వర్గీకరించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును, గోండిని ఒకే ఉపశాఖలో చేర్చారు. పండితుల మాట అటుంచి, అంకెలు లెక్కపెట్టి చూడండి. మన రెండు వారికి రండ్. మన మూడు మూండ్. మన నాలుగు నాలుంగ్. గఢ్‌బెంగాల్ ముంగిట ఆ పిల్లవాడు పులికూన కాళ్ళు లెక్కపెట్టి ఉంటే, మనలో ఎవరికీ దుబాసీ అవసరమయ్యేది కాదు. స్టాక్‌హోం ప్రేక్షకులకు లేని సౌకర్యం మనకున్నది. అయినా ఆ ఇంటి గడపకు ముందు చేరినది వారే.

ఒక ప్రాంతపు మాట బయటివారి నోటితో వినిపించడం ఎప్పుడూ దురదృష్టమే అనుకోనక్కరలేదు. ఛత్తీస్‌గఢీ భాషలో తొలి చలనచిత్రం 1965లో వచ్చింది. తీసినవాడు బొంబాయి చిత్రరంగంలో పని నేర్చిన మనూ నాయక్. చిత్రం పేరు ‘కహి దేబే సందేశ్’, అంటే ‘సందేశం చెప్పు’ అని. కులం గోడను దాటిన ప్రేమ అందులోని ఇతివృత్తం కావడంతో కొందరికి కోపం వచ్చింది. విచిత్రమేమిటంటే, ఆ భాషకు తొలి సినిమా పాటలు రాసిన కవి పేరు హనుమంత్ నాయుడు! ఆ ఇంటిపేరు వినగానే తెలుగు చెవి నిక్కబొడుచుకోక మానదు. సంగీతం కూర్చినది బెంగాలీ పేరు గల మలయ్ చక్రవర్తి. పాడినది పంజాబులో పుట్టిన మహమ్మద్ రఫీ. ఇందరు కలిసి ఒక పల్లె భాషను ఆ భాషగానే పలికారు. ఎవరి భాషలోకీ మార్చలేదు. 1971లో మరొక చిత్రం వచ్చింది. ఆపైన దాదాపు 30 ఏళ్ళ మౌనం. 2000లో, కొత్త రాష్ట్రం ఏర్పడటానికి కొద్ది రోజుల ముందు, ‘మోర్ ఛఁయ్యా భుఁయ్యా’ విడుదలై ఆ మౌనాన్ని బద్దలు కొట్టింది.

మాటను మార్చకుండా మోసుకుపోతే ఏమి జరుగుతుందో చూపినవాడు మరొకడు, అచ్చంగా రాయపూర్ బిడ్డ. 1923లో ఇక్కడ పుట్టిన హబీబ్ తన్వీర్ ఇంగ్లాండులో నాటకకళ చదివి, తిరిగి వచ్చి, 1958లో ఆరుగురు ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారులను ఢిల్లీకి తీసుకుపోయాడు. వారు నాచా ఆటగాళ్ళు. మన వీధినాటకాల వారి వంటివారు. సొంత ఊళ్ళో తెల్లవార్లూ జనాన్ని నవ్వించగల ఆ మనుషులు రంగస్థలం మీద హిందీ పలకవలసి వచ్చేసరికి కొయ్యబారిపోయేవారు. లోపం ఎక్కడున్నదో తనకు తెలియడానికి ఏళ్ళు పట్టిందని తన్వీర్ తానే ఒప్పుకున్నాడు. లోపం నటులలో లేదు, వారి నోట తాను పెట్టిన భాషలో ఉన్నది. 1970ల ఆరంభంలో ఆయన వారిని వారి భాషకు వదిలివేశాడు.

దాని ఫలమే 1975 నాటి ‘చరణ్‌దాస్ చోర్’. మూలం విజయదాన్ దేథా చెప్పిన రాజస్థానీ కథ. ఒక దొంగ గురువు దగ్గర అబద్ధమాడనని ఒట్టు పెట్టుకుంటాడు. హాస్యానికి మరి నాలుగు ఒట్లు కూడా వేస్తాడు: బంగారు పళ్ళెంలో తిననని, ఏనుగు మీద ఊరేగనని, రాణిని పెళ్ళాడనని, రాజు కానని. ఎక్కడి దొంగ, ఎక్కడి రాణి! కాని ఆ నాలుగూ ఒకటొకటిగా అతని కాళ్ళ దగ్గరికే వస్తాయి. అన్నిటినీ కాదంటాడు. తన కోరికను తోసిపుచ్చిన సంగతి బయట చెప్పవద్దని రాణి వేడుకుంటే, నిజం దాచలేనన్న పాపానికి ప్రాణమే పోగొట్టుకుంటాడు. సత్యమే దైవమనే సత్నామీల పంథీ పాటలు ఆ నాటకానికి ఊపిరి. హైదరాబాదు పరిసరాలలో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్ ఆ ఏడే దీనిని బాలల చిత్రంగా తీశాడు. స్మితా పాటిల్ తొలి చిత్రాలలో అది ఒకటి.

1982లో ఆ నాటకం ఎడింబరోకు వెళ్ళింది. ప్రేక్షకులలో ఛత్తీస్‌గఢీ ఎరిగినవారు ఎందరుంటారు? అయినా ‘ఫ్రింజ్ ఫస్ట్’ బహుమతి దానిని వరించింది. స్వీడన్‌కు చెంద్రూ బొమ్మ వెళ్ళింది, మాట వెళ్ళలేదు. ఎడింబరోకు నాచా ఆటగాళ్ళ మాటే వెళ్ళింది. రెండింటికీ మధ్య ఉన్నది 25 ఏళ్ళు మాత్రమే.

ఇప్పుడు చెంద్రూ విగ్రహమై నిలిచాడు. సంతోషమే. పులులను చూపడానికి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళే తల్లిదండ్రులకు ఒక చిన్న మనవి. బస్సు ఎక్కేముందు ఒక్క నిమిషం ఆగి, ఇతడు మౌగ్లీ కాడని చెప్పండి. పేరు చెప్పండి. ఊరు చెప్పండి. ఆ తరువాత పులి కాళ్ళను పిల్లల చేత గోండిలో లెక్కపెట్టించండి. మొదటి అంకె ఉంది. అది ఒక్కటి నేర్పితే చాలు; రండ్, మూండ్, నాలుంగ్ వారికి అప్పుడే వచ్చేసి ఉంటాయి.