పెద్ద రిమోటుకారు: మొదట చేయింపవలసిన మార్పులు



మన దేవరాపల్లిలో బాలుఁడు పెద్దకొలత పెట్రోలు రిమోటుకారును గోరినచో, దానిని బొమ్మయని తేలికగాఁ జూడరాదు. నిజమైన కారులో 5వ వంతు పొడవుగల యట్టిది 10 కిలోలకు మించి తూఁగును. సంకేతము తెగి పరుగెత్తినచోఁ బసివాని కాలు విఱువఁగలదు. కావున వేగము పెంచు సామగ్రికంటె ముందు మూఁడు మార్పులు చేయింపుఁడు.

మొదటిది, సంకేతము తప్పినను, లోపలి బాటరీ యయిపోయినను ఇంజనును దానంతట నార్పివేయు మీట. రెండవది, ముందుచక్రములను త్రిప్పు సర్వో. ప్లాస్టికు పండ్లచక్రములు త్వరగా నరుగును గనుక లోహపువి గలది వేయింపవలెను. మూఁడవది గాలివడపోత, మట్టిబాట ధూళి యింజనును నరగఁదీయును. ఆడినపిమ్మట వడపోత స్పాంజిని గడిగి, యారఁబెట్టి, నూనె పట్టింపవలెను.

ఇవి కుదిరినపిదపను వీథి వలదు. జనసంచారములేని మైదానముననే, పెద్దలు దగ్గఱనుండఁగా నడుపనిండు.