గోదాయందు వస్త్రపరీక్ష

స్త్రీని నిందించి యింట గూర్చుండబెట్టుట పాతపద్ధతి. మెచ్చుకొని కూర్చుండబెట్టుట క్రొత్తపద్ధతి. ఈ రెండవదానియందు మన దేశీయులు సంపాదించిన నేర్పునకు దృష్టాంతముగా, 2017వ సంవత్సరమున అమెరికాలో జరిగిన యొక స్త్రీమల్లయుద్ధపు పోటీయొక్క మొదటి విడతను మేము చూపదలచినాము. ఆ పోటీ ముగిసి యేండ్లు గడచినను, దానిని గూర్చి యప్పుడు బయలుదేరిన మెప్పు మాత్రము ముగియలేదు. చదువుకొన్న గృహములందే, సంస్కారాభిమానులమని చెప్పుకొనువారి నోటనే, అది నేటికిని వినబడుచున్నది.

పోటీ పేరు మే యంగ్ క్లాసిక్. 1923లో పుట్టి 2014లో తనువు చాలించిన యొక మల్లయోధురాలి పేరది. డబ్ల్యూ. డబ్ల్యూ. ఇ. యను వినోదవ్యాపారసంస్థ ఫ్లారిడా రాష్ట్రమున వింటర్ పార్కునందలి ఫుల్ సెయిల్ విశ్వవిద్యాలయములో 2017 జూలై 13, 14 తేదీలయందు మొదటి విడతలను నడపి, చిత్రించి, ఆగస్టు 28 నుండి ప్రదర్శించినది. 32 మంది స్త్రీలు; మొదటి విడతలో 16 పోరులు; ఓడినవారు తిన్నగా నింటికి బోవలసినదే. నానాదేశములవారు నచ్చట గూడిరి. జపానునుండి కైరీ సేన్, ఆస్ట్రేలియానుండి రియా రిప్లీ, స్కాట్లండునుండి పైపర్ నివెన్, చైనానుండి షియా లీ, బ్రెజిలునుండి జూడోవిద్య నేర్చిన టైనారా కాంటీ వచ్చిరి. మన దేశమునుండి వచ్చినది కవితాదేవి. హర్యానాలో జీంద్ జిల్లా జులానా ప్రాంతపు స్త్రీ; 2016లో గౌహతిలో జరిగిన దక్షిణాసియా క్రీడలయందు బరువులెత్తి స్వర్ణపతకము గొన్నది; జలంధరులో గ్రేట్ ఖలీ నడపు తాలింఖానాలో కుస్తీ నేర్చినది. ఆ సంస్థవారి బరిలో దిగిన మొదటి భారతస్త్రీ యామెయే. న్యూజిలాండునుండి వచ్చిన డకోటా కై యామెకు ప్రత్యర్థిని. కవిత యామెను తలపైకెత్తి క్రింద వైచినది. కాని కొలదిసేపటిలోనే కై బరిమూలనున్న స్తంభముమీదనుండి రెండు పాదములతో నామెపైకి దుమికి గెలిచినది.

ఇంతవఱకు జరిగినది. ఇక మనవారు చూచినదేమి? ఆమె సల్వారు కమీజు ధరించినదని చూచిరి. కాషాయవర్ణపు సల్వారు, నడుమునకు బిగించిన చున్నీ: ఇదియే వార్త, ఇదియే చిత్రము, ఇదియే వ్యాఖ్య. విదేశమున, అంత వెలుతురులో, అందఱును పొట్టిదుస్తులు తొడిగిన చోట మన యాడుబిడ్డ నిండుగా గట్టుకొని పోరినదని, సంస్కృతిని నిలిపినదని మురిసిరి. ఆమె గెలిచినదో ఓడినదో యెఱుగనివారు గూడ నామె కట్టుబట్టను వర్ణింపగలరు. పతకము గొన్న భుజములు, పోరిన కాళ్లు, ఓడిన వెన్ను, ఇవన్నియు నా వస్త్రము క్రింద నదృశ్యమైపోయినవి.

మేమీమాట యన్నపుడు కొందఱు పండితులు, "అది నిజమైన కుస్తీయా? జయాపజయములు ముందే నిర్ణయింపబడినవి గదా! దానికింత చర్చ యేల?" అని తేల్చివేయుదురు. నిర్ణయింపబడినవే. దానినెవ్వరును దాచుటలేదు. భీముడు గెలుచునని తెలిసియే గదా మనము గదాయుద్ధనాటకమును జూచుచున్నాము! ఫలము నిశ్చితమైనపుడు విద్య ప్రకటమగునది సాధనమునందు. ఎత్తబడువారి యొడుపు, ఎత్తువారి బలము, పడువారి నేర్పు, ఇవి కలిసిననే యొక పట్టు పండును. పైగా జయాపజయములు యజమానుల చేతిలోనివైనపుడు, చైనాదేశపు వనితయు భారతవనితయు మొదటి విడతలోనే వెనుదిరిగిరన్న సంగతి వారి లోపముకంటె యజమానుల లెక్కను దెలుపునేమో యని యాలోచింపవలసి యుండును. ఆ రెండు దేశముల జనసంఖ్య వర్తకునికి దెలియనిది గాదు. పిలుచుటకొక లెక్క, పంపివేయుటకొక లెక్క. ఈ ప్రశ్ననైన నడిగినవారేరి? బట్ట కనబడిన వెంటనే ప్రశ్నలన్నియు నాగిపోయినవి.

నాటకమన్నాము గనుక నింకొక్కమాట. మన శాస్త్రకారులు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగుగా విభజించిరి. వేషధారణము ఆహార్యము. ఆ పోటీయందు కైరీ సేన్ ఓడదొంగ వేషమున వచ్చినది; అది యామె ఆహార్యము. బియాంకా బెలేర్ నడుము దాటిన పొడవైన జడతో వచ్చినది. అది యామె ఆహార్యము. కవిత సల్వారు కమీజుతో వచ్చినది, అదియు నాహార్యమే. కైరీ సేన్‌ను జూచి జపానీయుల సంస్కృతి యోడదొంగతనమని యెవ్వరు ననుకొనలేదు. మనము మాత్రము రంగస్థలపు వేషమును ధర్మశాస్త్రముగా బఠించితిమి.

వస్త్రము వర్తకుని సరకని చెప్పుటకు ఆ సంస్థ చరిత్రయే చాలును. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో నా సంస్థయే స్త్రీలచేత నొక విధమైన పందెమాడించెడిది: ఎదుటిదాని పైదుస్తులనెవతె ముందుగా నూడ్చునో యామెయే విజేత! కురుసభలో దుశ్శాసనునికి దక్కనిది వీరు టిక్కెట్టు పెట్టి యమ్మిరి. 2016 ఏప్రిలులోగాని వారి స్త్రీల బిరుదమునకు "దివాస్" అను నలంకారపు పేరు తొలగలేదు. అదియటుండ, 2019 అక్టోబరు 31వ తేదీన సౌదీ అరేబియాలోని రియాదు నగరమున నా సంస్థ మొదటిసారిగా నచ్చట స్త్రీల పోరు నడపినది. అందు దిగినవారిలో నొకతె లేసీ ఎవాన్స్; మే యంగ్ పోటీ మొదటి విడతలో టైనారా కాంటీని గెలిచిన యామెయే. రియాదులో నామెయు, నామె ప్రత్యర్థిని నటాల్యాయు మెడనుండి మణికట్టువఱకు, పాదములవఱకు గప్పుకొని పోరిరి. స్త్రీ యొక్కతెయే, సంస్థ యొక్కటియే, పట్లు అవియే. అంగడి మాఱినది, బట్ట మాఱినది. ఊడ్చుటవలన లాభమున్న చోట నూడ్చినవారు, కప్పుటవలన లాభమున్న చోట గప్పుదురు. ఊడ్చినపుడు చీదరించుకొని, కప్పినపుడు చేతులు జోడించు మనకును ఆ వర్తకునికిని దృష్టియందు భేదమెక్కడ? ఇరువురి కన్నులును బట్టమీదనే కదా!

"తన దేశపు వేషమును జూపవలెనని యామెయే కోరుకొన్నదేమో!" అని యొకరనవచ్చును. కోరుకొన్నచో మంచిదే. పూర్తిగా నామె యిష్టము. మేము దానినొక్కమాటయు ననము. ఒకతె యిష్టమును వేయిమందికి షరతుగా మార్చువారితోనే మా వాదము. మేము బడిలో నిత్యము చూచుచున్న సంగతి చెప్పెదము. పరుగుపందెమునకో కబడ్డీకో పేరిచ్చిన బాలికల తండ్రులు వచ్చి, "మా పిల్లను మానిపింపుడు" అందురు. చదువు చెడునని కాదు, కాళ్లు నొచ్చునని కాదు, "ఆ నిక్కరు మావాండ్లకు బాగుండదు." వీరు మూర్ఖులు గారు, పట్టభద్రులు, ఉద్యోగస్థులు. వీరిలో నొకరు మాతో, "ఆ హర్యానా యమ్మాయి సల్వారుతోనే అమెరికాలో కుస్తీ పట్టలేదా?" యని యడిగినారు. అనగా నా మెప్పు కవితను దాటి వచ్చి మా బడిపిల్ల కాలికి జుట్టుకొన్నది. ఆ పిల్ల యా సంవత్సరము పరుగెత్తలేదు.

మన ప్రాంతమున నీ సల్వారు కమీజునకు పట్టిన గతియు జ్ఞాపకము చేయవలసియున్నది. దీనిని మనవారు "పంజాబీ డ్రెస్సు" అనెడివారు. లంగా వోణీ విడిచి దానిని తొడుగుకొన్న కళాశాలబాలికలను మన పెద్దలే "ఇదేమి వేషమమ్మా!" యని గద్దించిరి. ఒక తరమున నిర్లజ్జయైనది మఱుసటి తరమున సంస్కృతియైనది. ఇక వరినాట్ల కాలమున మన పొలములకు బోయి చూడుడు. నాటువేయు కూలిస్త్రీ చీరను మోకాళ్లపైకి దోపి, మోకాలిలోతు బురదలో దినమెల్ల వంగియుండును. ఆమె కాళ్లను గూర్చి గట్టుమీది యాసామి యేనాడును ధర్మోపన్యాసము చేయలేదు. ఆమె కష్టము మన గాదెలోనికి వచ్చును గనుక మనకు సిగ్గు కలుగదు. స్త్రీ తన కొఱకు, తన కీర్తి కొఱకు, తన యానందము కొఱకు గాలు కదిపినప్పుడే మనకు మానమర్యాదలు గుర్తు వచ్చుచున్నవి.

శ్రీకాకుళపు బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీలో 110, 130, మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యము తెచ్చినది. ఒలింపిక్ పతకము గొన్న మొదటి భారతస్త్రీ యామె. ఆమె ధరించినది ఆ క్రీడకు విధించిన దుస్తు. నిజామాబాదులో నిఖత్ జరీన్ బాక్సింగునకు బోవునపుడు పొట్టిదుస్తులేమని బంధువులే గొణిగిరి. ఆమె 2022లోను 2023లోను ప్రపంచవిజేత యైన పిదప గొణుగుడు దండలుగా మాఱినది. గెలుచువఱకు దుస్తునడుగుట, గెలిచిన పిమ్మట జాతి గౌరవమనుట! మఱి గెలువలేనివారి గతి యేమి? మొదటి విడతలోనే యోడు పిల్లలే లోకమున నెక్కువ. వారికి దండలు రావు గనుక గొణుగుడే మిగులును.

వస్త్రమునందలి మర్యాదను గాపాడుటలో నింత జాగరూకులమైన మనము, మల్లయోధురాండ్ర మర్యాదయే ప్రశ్నయైనపుడెట్లుంటిమి? 2023 జనవరిలోను, తిరిగి ఏప్రిలులోను సాక్షీ మలిక్, వినేశ్ ఫోగట్ మొదలగువారు ఢిల్లీ జంతర్ మంతరు వద్ద గూర్చుండి, కుస్తీసమాఖ్య యధ్యక్షుడు క్రీడాకారిణులను లైంగికముగా వేధించెనని యారోపించిరి. మే 28న పార్లమెంటు క్రొత్తభవనమువైపు నడువబోయిన వారిని పోలీసులు ఈడ్చుకొనిపోయిరి. న్యాయాన్యాయములు తేల్చుట న్యాయస్థానపు పని. కాని సల్వారును జూచి సంస్కృతీ! సంస్కృతీ! యని కేకలు వేసినవారిలో నెందఱు ఆ దినమున, ఫిర్యాదునైన వినుడని నోరు విప్పిరి? (ఆ వినేశ్‌యే 2024 అక్టోబరులో జులానానుండి హర్యానా శాసనసభకు ఎన్నికైనది, అచ్చట నోడిన యభ్యర్థులలో మన కవితయు నొకతె.)

మల్లయోధురాలిని గౌరవించుట యన నామె మల్లవిద్యను విమర్శించుట. గాయకుని శాలువ నేతను బొగడి పాటనుగూర్చి యూరకుండినచో నతడు దానిని మెప్పుగా గొనునా? కవిత పోరును గూర్చి చెప్పవలసినది లేకపోలేదు. డకోటా కై 2007 నుండి బరిలోనున్నది. కవిత యావిద్యకు క్రొత్త. బరువులెత్తువారి బలము ఆమె భుజములందు స్పష్టముగా గానవచ్చినది. ఇనుపకడ్డీ యెత్తుట వేఱు, ప్రాణమున్న దేహమునెత్తుట వేఱు. అయినను ప్రత్యర్థినెత్తిన యా క్షణమున నామె తొట్రుపడలేదు. లోపమున్నది పట్టునకును పట్టునకును నడుమనున్న నడకలో. అచ్చట పదియేండ్ల యభ్యాసము గలది ముందుగానే మఱుచోటికి జేరియుండును. క్రొత్తది యిక నెచ్చట నిలువవలెనో వెదకుకొనుచుండును. అదే విడతలో కైరీ సేన్ టెస్సా బ్లాంచర్డ్‌తో బోరిన తీరును దీని ప్రక్కనుంచి చూచినచో నీ భేదము పిల్లలకైన దెలియును. అచ్చట విరామము గూడ పోరులో భాగముగా నున్నది.

2018లో నా సంస్థ పోటీని రెండవమాఱు నడపినపుడు కవిత మరల వచ్చినది, మరల మొదటి విడతలోనే, ఈసారి కైట్లిన్ అనునామె చేతిలో నోడినది. 2021 మే నెలలో సంస్థనుండి వెలువడినది. నడుమనున్న యా యొక్క యేటిలో నామె నడక యెంత చక్కబడినది, పడుట యెంతవఱకు నేర్చినది, ఎత్తుటలో నేమి మాఱినది యని యా రెండు పోరులను జోడించి చూచి యడిగినవారు, ఆమె సల్వారు రంగును జెప్పగలిగిన యింతమందిలో, మాకింకను గానరాలేదు.