ఖాళీ దారి ఎవరిది?

అడవిలో, కొండల మీద, బండ్ల రద్దీ లేని గ్రావెల్ బాటల్లో సైకిల్ తొక్కడం నగరవాసులకు కొత్త సరదా. అరకు, పాడేరు వైపు కొండదారుల్ని కూడా ఈ కళ్లతోనే చూస్తున్నారు: లారీ లేదు, బస్సు లేదు, దారంతా ఖాళీ!

ఖాళీయా? ఆ దారిన సంతకు నడిచేదెవరు? కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఎక్కిదిగేదెవరు? ఆడవాళ్ల నడక రద్దీ లెక్కలోకి రాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో బండి రాని గూడెమంటే, నొప్పులు పడుతున్న స్త్రీని డోలీ కట్టి మోసుకెళ్లే గూడెం. మనం ప్రశాంతత అని సంబరపడేది దీన్నే.

సైకిల్ మీద నాకు కోపం లేదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. వెక్కిరింతల్ని లక్ష్యపెట్టలేదు. నీళ్ల బిందెలూ పిల్లలూ సైకిలెక్కారు. కొండ మీది స్త్రీకి ఆ సైకిల్ ఎందుకుండకూడదు? పనికే కాదు, ఊరికే తిరగడానికి కూడా!

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద, గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డుకో, బడికో, ఆస్పత్రికో ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీభూమి ఇవ్వవచ్చు. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం సభకు హాజరైన వారిలో కనీసం మూడోవంతు స్త్రీలుండాలి. పర్యాటకులకు బాట వేసేముందు అధికారులు ఆ సభ పెట్టాలి. వేలిముద్రలు వేయించుకోవడానికి కాదు, ఏ గూడెం నుంచి ఆస్పత్రికి ముందు దారి పడాలో ఆ స్త్రీలు చెప్పడానికి.