కంటి పొర ప్రింటర్‌లో వచ్చినా.. నేత్రదానం తప్పదు!
కోతలు, నూర్పిళ్ల రోజుల్లో మురమళ్ళ లాంటి కోనసీమ ఊళ్లలో కంట్లో ధాన్యం పొట్టో, గడ్డిపోచో గుచ్చుకోవడం మామూలే. పుండు ముదిరితే పువ్వు పడుతుంది. నల్లగుడ్డు మీది కార్నియాలో కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు నేతలా వరుసగా ఉంటేనే వెలుతురు లోపలికెళ్తుంది. వరుస చెదిరిందా, పొర తెల్లబడిపోతుంది. ఆ వరుసను బయట తయారుచేయడమే అసలు చిక్కు. 2022లో హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, ఐఐటీ, సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింటర్‌తో కార్నియా చేసి కుందేలు కంటికి అమర్చాయి. పెద్ద అడుగే. అయితే ముడిసరుకు మాత్రం మనుషుల కార్నియాలదే.. మార్పిడికి పనికిరావని పక్కనపెట్టిన దాతల కళ్లవి! అంటే ప్రింటర్ వచ్చినా దాతలు కావాల్సిందే. చనిపోయిన 6 గంటల్లోపు కళ్లు సేకరించాలి. ఇంట్లోవాళ్లు ఆ దుఃఖంలోనే ముందుకొస్తే అది సాధ్యమవుతుంది.