చార్మినార్ ఉంది... చిరునామా లేదు!

ఈ వారం సినిమా కబుర్లు కాస్త పక్కన పెడుతున్నాను. మరీ పూర్తిగా కాదులెండి! తపాలా బిళ్ళల గురించి వ్రాస్తూ ఘంటసాల మాస్టారిని తలుచుకోకుండా ఎలా? 2003లో ఆయన బొమ్మతో తపాలా శాఖ స్టాంపు వేసింది. 2013లో భారతీయ సినిమాకు నూరేళ్ళు నిండినప్పుడు వేసిన 50 స్టాంపుల్లో మన ఎస్.వి. రంగారావు, భానుమతి, అల్లు రామలింగయ్య కూడా ఉన్నారు. అభిమాన తార మొహం ఉంటే స్టాంపుకి అందమే వేరు అంటారా? మరి హీరో కనిపించకుండానే ఎనభై ఏళ్ళు ఆడిన సినిమా ఒకటుంది. దాని పేరు హైదరాబాదు స్టాంపు!

నిజాం ప్రభుత్వం మొదటి స్టాంపు వేసింది 1869లో. ఖరీదు ఒక అణా, రంగు ఆలివ్ పచ్చ. 1950 ఏప్రిల్ 1న నిజాం టపా భారత తపాలా శాఖలో కలిసిపోయింది. ఈ మధ్యకాలంలో ఇంగ్లీషువాళ్ళ స్టాంపుల మీద విక్టోరియా రాణీ, ఎడ్వర్డూ, జార్జీ వరసగా మొహాలు చూపిస్తూనే ఉన్నారు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డ మన నిజాం మాత్రం ఒక్క స్టాంపు మీదైనా బొమ్మ వేయించుకోలేదు. ఆయన టపా బిళ్ళల మీద మొదట అక్షరాలే. 1871 నాటి బిళ్ళల మీద ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు మన తెలుగూ కనిపిస్తుంది. వేలిగోరంత జాగాలో తెలుగు అక్షరం చూస్తే ఒళ్ళు పులకరించదూ!

1931లో బొమ్మలొచ్చాయి. అణా బిళ్ళ మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం, పన్నెండణాల మీద బీదరు విద్యాలయం, రూపాయి మీద దౌలతాబాదు. వీటిని వరసగా పేర్చి చూడండి. ఒక రాజ్యం పటం కళ్ళ ముందు నిలుస్తుంది. 1956లో ఆ పటాన్ని మూడు ముక్కలు చేశారు. అజంతా, దౌలతాబాదు ఇవాళ మహారాష్ట్రలో ఉన్నాయి, బీదరు కర్ణాటకలో ఉంది. ఆల్బంలో మాత్రం అన్నీ ఒకే ఇంటి పిల్లల్లా పక్కపక్కనే కూర్చుంటాయి!

మన సినిమా భాషలో సిల్వర్ జూబిలీ అంటే 25 వారాలు. నిజాం సిల్వర్ జూబిలీ అంటే 25 ఏళ్ళ పరిపాలన. 1937లో ఆ సందర్భానికి నాలుగు స్టాంపులు వేశారు. అప్పుడూ హీరో తెర వెనకే! యునానీ దవాఖానా, ఉస్మానియా దవాఖానా, ఉస్మానియా యూనివర్సిటీ, జూబిలీ హాలు... అన్నీ భవనాలే. ఆఖరి రోజుల్లో, 1947–49 మధ్య, మూడణాల మీద ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం, ఆరణాల మీద గోల్కొండ కోట వచ్చాయి.

సరే, వీటికీ నాకూ ఏమిటి సంబంధం అంటారా? మాది బొల్లారం. రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారమే. ఆ బంగళా ఒకప్పుడు బ్రిటిషు రెసిడెంటు గారి విడిది. చుట్టూ కంటోన్మెంటు కావడంతో ఇక్కడ ఇంగ్లీషువాళ్ళ టపా నడిచేది. నగరంలోకి వెళితే నిజాం టపా. నిజాం స్టాంపు నిజాం రాజ్యంలోనే చెల్లేది, ఎల్ల దాటితే దానికి విలువ లేదు. అందుకే పాత బొల్లారం ఇళ్ళ ట్రంకు పెట్టెల్లో రెండు రకాల స్టాంపులూ దొరుకుతాయి.

మా తాత పెట్టెలోనూ దొరికాయి. హన్మకొండ నుంచి తాత అన్నగారు వ్రాసిన కవర్ల మీద చార్మినార్. బెజవాడ నుంచి నాయనమ్మ పుట్టింటివాళ్ళు వ్రాసిన వాటి మీద జార్జి చక్రవర్తి. నేను అప్పుడు ఏడో తరగతి. స్టాంపుల పిచ్చి తలకెక్కిన రోజులు. గిన్నెలో నీళ్ళు పోసి కవర్లు నానబెట్టాను. స్టాంపులు ఊడి తేలుతుంటే ఎంత సంబరం! వాటిని న్యూస్‌పేపరు మీద ఆరబెట్టి ఆల్బంలో అతికించాను. లోపలి ఉత్తరాలు పెట్టెలోనే పెట్టేశాను. ఖాళీ కవర్లను మాత్రం... బాయిలర్ కింద వేశాను. ఆ పూట ఇంటిల్లిపాదీ ఆ వేడినీళ్ళే పోసుకున్నారు.

ఇన్నేళ్ళ తరువాత మొన్న సంక్రాంతికి మా పెద్దత్తయ్య వచ్చింది. ఎనభై దాటిన మనిషి. “బొల్లారం రాకముందు పట్నంల ఒక ఇంట్ల ఉండెటోళ్ళమురా. ఇంటెనక బాయి, బాయి పక్కన జామచెట్టు. నాకు అప్పుడు నాలుగైదేండ్లు. అది ఏ గల్లీనో యాదికి లేదు. పోయేలోపల ఒక్కసారి చూడాలనుంది” అంది. తాతా లేడు, నాయనమ్మా లేదు. చెప్పేవాళ్ళెవరు?

నేను హుషారుగా పెట్టె తీశాను. ఉత్తరాలున్నాయి. “ఇక్కడ అందరం క్షేమం” అని ఉంది. తేదీ దగ్గర మార్గశిర శుద్ధ పంచమి అని ఉంది, ఏ సంవత్సరమో లేదు. ఏ ఇంటికి వచ్చాయో అసలే లేదు. ఆ చిరునామా ఉండేది కవరు మీద! ఏ టపాఖానాలో పడిందో, ఏనాడు పడిందో చెప్పే ముద్ర ఉండేది కవరు మీద! నా చేతిలో మిగిలింది ఒక చార్మినార్, దాని మీద సగం ముద్ర. భూతద్దం పెట్టి చూసినా రెండక్షరాలకు మించి కూడలేదు.

నిజం చెప్పేశాను. అత్తయ్య తిట్టలేదు. ఆల్బం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. “గింత చార్మినార్ కోసం మా ఇల్లు కాలబెట్టినవారా?” అని నవ్వింది. ఆ నవ్వు కంటే నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది.

పాఠక మిత్రులారా! మీ ఇళ్ళలోనూ పాత పెట్టెలుంటాయి. చార్మినార్ బిళ్ళో, జార్జి బిళ్ళో కనిపిస్తే దయచేసి నీళ్ళలో వేయకండి, కత్తెర పెట్టకండి. కవరు కవరుగానే ఉంచండి. వెనక్కి తిప్పి చూడండి, చేరిన ఊరి ముద్ర కూడా ఉండవచ్చు. టేపులు అంటించకుండా మంచి కాగితంలో చుట్టి చెమ్మ తగలని చోట దాచండి. స్టాంపు ఆ కాలంలో లక్షలమంది నాలిక తడి తగిలిన బిళ్ళ, వెతికితే ఇంకోటి దొరుకుతుంది. మీ తాత పేరూ గల్లీ పేరూ వ్రాసిన కవరు మాత్రం లోకం మొత్తానికి ఒక్కటే.

వచ్చే ఆదివారం అత్తయ్యను ఆటోలో కూర్చోబెట్టుకుని పట్నం గల్లీలు తిప్పబోతున్నాను. బావి పూడ్చేసి ఉంటారు. జామచెట్టు కొట్టేసి ఉంటారు. అయినా సరే, తిప్పుతాను. బాకీ నాది కదా!